నాలుగు కిలోల తొమ్మిది వందలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడొంతులు బేస్ గిటార్ గురించే, అదే, లావు తీగలతో మంద్ర స్వరాలు పలికే గిటారు. అందులోనూ అందరిదీ ఒకటే గోడు, బరువు. వినాయక చవితి మొదలు దసరా వెళ్లేదాకా మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆర్కెస్ట్రాలకు ఊపిరి సలపదు. ఆ రాత్రుళ్ల అలసటంతా ఈ కాగితాల మీద కనబడింది. మిగతా వాయిద్యాల ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నాకు 23 ఏళ్లు. మూడేళ్లుగా ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తున్నాను. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న జాజ్ బేస్ మోడల్, బాగా బరువు. సాయంత్రం ఏడింటికి స్టేజీ ఎక్కితే పదకొండు దాకా దించను. ఈమధ్య ఎడమవైపు మెడ పట్టేస్తోంది. పొద్దున్న లేచేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి ఉంటున్నాయి. మా పార్టీలో పెద్దవాళ్లు "బరువుకు అలవాటు పడాలి, అంతకన్నా మందు లేదు" అంటున్నారు. తప్పెటగుళ్లు ఆడేవాళ్లు మెడకు తప్పెట కట్టుకుని రాత్రంతా ఎగరడం లేదా అంటున్నారు. బేస్ అమ్మేయనా?
— ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: బాబూ, బేస్ సంగతి తర్వాత. ముందు ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లు. మెడ నొప్పి కండరానిది కావచ్చు, రెండు రోజులు విశ్రాంతి ఇస్తే తగ్గనూ వచ్చు. తిమ్మిరి అలా కాదు, అది నరం పెట్టే మొర. ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో విడమరచి చెప్పు. చిటికెన వేలు, ఉంగరం వేలు అంటే మోచేతి దగ్గరో, మెడ నుంచి కాలర్ బోన్ కింద దిగే దారిలోనో నరం నొక్కుకుంటోందేమో చూస్తారు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు అయితే మణికట్టు మీద అనుమానపడతారు. నువ్వు గిటారు వాయిస్తావని, ఎంత బరువు ఏ భుజం మీద ఎన్ని గంటలు వేలాడుతుందో నువ్వే నోరు తెరిచి చెప్పాలి. సిగ్గుపడితే వాళ్లకు తెలిసే దారి లేదు. వీలైతే ఆ బేస్ మెడలో వేసుకున్న ఫొటో ఒకటి ఫోన్లో చూపించు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ "అలవాటు పడటం" నేను చేశాను. 1991లో విశాఖలో ఒకాయన దగ్గర పాత బేస్ కొన్నాను. ఒళ్లంతా నిండు కర్ర, వెనకాల తీగలు కట్టే దిట్టమైన ఇత్తడి బ్రిడ్జి. పదేళ్లు వాయించాక కూడా దాని బరువెంతో నాకు తెలియదు. గిటారు కొనేటప్పుడు దాని మెడ, అంటే తీగలు సాగే పొడుగు బద్ద, వంగిందా, తీగలు ఎత్తుగా ఉన్నాయా, తీగల శబ్దం పట్టే పికప్ కీచుమంటోందా, అన్నీ చూస్తాం. తూచి కొన్నవాణ్ని ఇంతవరకు నేను చూడలేదు. ఓ రోజు చొక్కా కుట్టించుకుందామని గంటస్తంభం దగ్గర టైలరు కొట్టుకు వెళ్లాను. ఆయన భుజాల మీద టేపు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "మాస్టారూ, ఎడమ భుజం ఎత్తేసి ఉంచారేటి? దించండి" అన్నాడు. నేను దించే ఉన్నాను. నా లెక్కలో అది దించిన భుజమే. అద్దంలో చూసుకుంటే ఎడమది చెవి వైపుకి బిగుసుకుపోయి ఉంది. స్ట్రాపు జారిపోకుండా పదేళ్లు ఎత్తిపట్టిన భుజం, స్ట్రాపు లేనప్పుడు కూడా కిందికి దిగడం మానేసింది.

ఆ సాయంత్రమే మా వీధి బియ్యం కొట్లో కొక్కెం కాటాకు ఆ బేస్‌ను స్ట్రాపుతో సహా తగిలించాం. ముల్లు ఊగి ఊగి నాలుగు కిలోల తొమ్మిది వందల దగ్గర ఆగింది. కొట్టాయన "ఐదు కిలోల బియ్యం సంచి మెడకేసుకుని నాలుగు గంటలు నిలబడతారా మాస్టారూ!" అన్నాడు. అంత తెలిసీ నేను మార్చలేదు. మరో రెండేళ్లకు, శ్రీకాకుళం అవతల ఒక ఊళ్లో అమ్మవారి పండగ ప్రోగ్రాం ముగించుకుని, తెల్లారుజామున బస్టాండులో టీ తాగుతుంటే ఎడమ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. వేడి తగిలినట్టు కూడా తెలియలేదు. తర్వాత ఆరు నెలలు బేస్ ముట్టుకోలేదు. ఆ సీజను సంపాదన పోయింది సరే, ఇప్పటికీ చలికాలం పొద్దుటిపూట నా చిటికెన వేలు మిగతా వేళ్ల కంటే ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతుంది. నీకు 23. నీ వేళ్లు నాకు కావాలి, మన పాటకు కావాలి.

తప్పెటగుళ్ల మాటకొస్తే, మీ పెద్దవాళ్ల పోలిక కుదరదు. తప్పెట రేకుది, తేలిక. పైగా గుండెకు నడిమధ్యన కట్టుకుంటారు. ఆడేవాడి ఒళ్లు ఆగకుండా కదులుతుంది, ఒక్క కండరమే బిగబట్టి ఉండదు. బేస్ వాయించేవాడు నాలుగు గంటలు ఒకే చోట, ఒకే భుజం బిగించి నిలబడతాడు. కండరాన్ని చంపేది ఆ కదలకపోవడమే.

అసలు ఈ బరువు మన భుజం మీదికి ఎలా వచ్చిందో చెబుతాను. బేస్ గిటారు రాకముందు బేస్ అంటే మనిషంత నిలువెత్తు డబుల్ బేస్. దాని బరువు బేస్ గిటారు కంటే ఎంతో ఎక్కువ. అయితే అది కింద చిన్న ఊచ మీద నేలకు ఆని నిలబడేది, వాయించేవాడు పక్కన నిలబడి ఆపుకుంటే చాలు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. గిటారులా మెడలో వేసుకోవచ్చు, వీణ మెట్లలాంటి ఫ్రెట్లు ఉంటాయి కాబట్టి స్వరం తప్పదు, కారులో పడుతుంది. గొప్ప పని చేశాడు. అప్పటిదాకా నేల మోసిన బరువు మాత్రం ఆ రోజు నుంచి మనిషి మోస్తున్నాడు. 1960లో ఆయన కంపెనీయే తెచ్చిన జాజ్ బేస్‌దీ ఇదే కథ. 34 అంగుళాల తీగ, దానికి తగ్గ పొడుగు మెడ, ఆ మెడను నిలబెట్టే ఒళ్లు, ఇవన్నీ కలిస్తే మామూలుగా మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు తూగుతుంది. 1970ల్లో బరువైన యాష్ కర్రతో చేసినవి ఐదు కిలోల దగ్గరికి, కొన్ని ఆ పైకి కూడా పోతాయి. అదే యాష్ చెట్టు చిత్తడి నేలలో పెరిగితే, నీళ్లలో నానే మొదలు భాగం తేలికగా ఉంటుంది. దాన్నే స్వాంప్ యాష్ అంటారు. అంటే కర్ర పేరొక్కటి వింటే చాలదు, ఒకే పేరున్న రెండు బేస్‌ల మధ్య కిలో తేడా ఉండొచ్చు. నీది ఎంతుందో నువ్వే తూచుకోవాలి.

తూచాక ఇంకొకటి చూడు. నా చిన్నప్పుడు మా వీధికి కావడితో మంచినీళ్లు తెచ్చే తాత ఒకాయన ఉండేవాడు. రెండు బిందెలూ నిండుగా ఉంటే కులాసాగా నడిచేవాడు. ఒకటి నిండుగా, ఒకటి వెలితిగా ఉంటే మాత్రం తిట్టుకుంటూ వచ్చేవాడు. "బరువుకి కాదు గుంటడా, మొగ్గుకి భుజం పోద్ది" అనేవాడు. బేస్ కూడా కావడి బద్దే. ఒక చివర ఒళ్లు, ఒక చివర తల. ఆ తల మీద నాలుగు ట్యూనింగ్ కీలు, అంటే మన వీణ బిరడాల్లాంటివి, కాకపోతే ఇనుపవి. స్ట్రాపు తగిలించే పై కొమ్ము పొడుగ్గా ఉండి పన్నెండో ఫ్రెట్ దగ్గరికి వస్తే బద్ద సమంగా నిలుస్తుంది. కొమ్ము పొట్టిగా ఉంటే తల కిందికి దిగిపోతుంది. స్ట్రాపు వేసుకుని నిలబడి రెండు చేతులూ వదిలెయ్. గిటారు మెడ నేల వైపు దిగిపోతే, వాయించినంతసేపూ నీ ఎడమ చెయ్యి స్వరాలు పట్టడంతోపాటు గిటారును మోస్తోందన్నమాట. కుడి ముంజేయి గిటారు ఒంటిని నొక్కి తలను లేపుతోందన్నమాట. ఇలా మొగ్గే మూడున్నర కిలోల బేస్, సమంగా నిలిచే నాలుగు కిలోల బేస్ కంటే ఎక్కువ బాధపెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను.

మొగ్గుంటే మందుంది. ఆ ఇనుప కీలు తీయించి తేలికపాటి అల్యూమినియం కీలు వేయించు. ఒక్కోదానికి ముప్ఫై, నలభై గ్రాములు తగ్గినా నాలుగింటికి నూట ఇరవై పైన తగ్గుతుంది. అదేం లెక్క అనుకోకు. బద్ద చివర తీసిన నూరు గ్రాములు, నడిమధ్య తీసిన అరకిలో కంటే ఎక్కువ పని చేస్తాయి. లోపల గరుకు తోలున్న స్ట్రాపు వాడితే జారదు గానీ, లాగుడు పోదు. ఆ లాగుడంతా చొక్కా మీదుగా మెడకు చేరుతుంది. దాన్ని వైద్యం అనుకోకు.

ఇక రేపటి ప్రోగ్రాంకు. స్ట్రాపు నాలుగు అంగుళాల వెడల్పుది తీసుకో. రెండంగుళాల నైలాను పట్టీ భుజం మీద తాడులా దిగుతుంది. బేస్‌ను తొడల దాకా వేలాడేయకు, చూడ్డానికి బాగుంటుంది గానీ ఎడమ మణికట్టు కొడవలిలా వంగుతుంది. కూర్చుంటే ఎంత ఎత్తులో ఉంటుందో నిలబడినా అంతే ఎత్తులో ఉండేలా స్ట్రాపు బిగించు. అన్నిటికంటే ముఖ్యం, దించు. అనౌన్సర్ మాట్లాడేటప్పుడు, సన్మానాలప్పుడు, ఊరి పెద్దలు మైకు పట్టుకున్నప్పుడు, బేస్‌ను స్టాండు మీద పెట్టి రెండు చేతులూ వదులుగా ఆడించు. నాలుగు గంటల ప్రోగ్రాంలో ఇలాంటి ఖాళీలు కలిపితే గంట తేలతాయి, నేను లెక్కపెట్టాను. మనం ఆ గంటసేపు ఊరికే మోస్తూ నిలబడతాం.

అమ్మేయనా అన్నావు. నాలుగున్నర దాటితే అమ్మేయ్. వచ్చిన డబ్బుకు కొంత కలిపి, కొట్లో స్ట్రాపు వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడి చూసి మరీ తేలికది కొనుక్కో. కూర్చుని ఐదు నిమిషాలు వాయించి కొనకు. నాలుగులోపు ఉండి, మొగ్గు లేకపోతే ఉంచుకో, పైన చెప్పినవన్నీ చెయ్. డాక్టరు వాయించొద్దంటే మాత్రం ఆ సీజను వదులుకో. మీ పెద్దవాళ్లకు ఈ పేజీ చూపించు.

ప్రశ్న: నేను వీణ నేర్చుకున్నాను. మా అబ్బాయి బేస్ వాయిస్తాడు. తేలిక బేస్ కొంటానంటే వాళ్ల స్నేహితులు "తేలిక కర్ర మోగదు, బరువు కర్రకే నాదం" అంటున్నారట. నిజమేనా?
— ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ ఊళ్లో ఉండి మీరు ఈ ప్రశ్న అడగడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే జవాబు మీ పక్కనే గొల్లపల్లిలో ఉంది. అక్కడ వీణ చేసేవాళ్లను ఒక్కసారి చూడండి. పనస దుంగ తెచ్చి, ఏకాండీగా చెక్కుతూ, కుండను లోపల తొలిచి తొలిచి పల్చన చేస్తారు. కర్ర తీసేకొద్దీ నాదం వస్తుంది. దుంగను దుంగలా ఉంచితే బరువుంటుంది, నాదం ఉండదు.

బేస్ గిటారుది వేరే దారి. వీణలో కర్ర గాలిని కదిపితే మనకు వినబడుతుంది. బేస్‌లో తీగ కింద అయస్కాంతం ఉంటుంది, దాని చుట్టూ సన్నటి వైరు చుట్టి ఉంటుంది, అదే పికప్. ఇనుప తీగ కదిలితే ఆ వైరులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు ఆంప్లిఫయర్‌కు పోతుంది. పికప్ వినేది తీగను. కర్ర ప్రభావం అసలే లేదని నేననను. మెడ బిగువును బట్టి ఒకటి రెండు చోట్ల స్వరం తొందరగా చచ్చిపోవడం మీ అబ్బాయి కూడా గమనించే ఉంటాడు, సన్న తీగ మీద ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా మీటి చూడమనండి. అది మెడ సంగతి, ఒంటి బరువు సంగతి కాదు. తీగలు కొత్తవా పాతవా, పికప్ ఎక్కడుంది, వేలు ఎక్కడ పడుతోంది, ఈ మూడింటి ముందు కిలో కర్ర తేడా నా చెవికి ఏనాడూ ఆనలేదు. నా పాత ఐదు కిలోల బేస్ వదిలి మూడు కిలోల ఆరు వందలది పట్టుకున్నప్పుడు మా పార్టీలో ఒక్కరూ శబ్దం మారిందనలేదు. తాళం మాత్రం కుదురుగా ఉందన్నారు. నొప్పి లేని చెయ్యి కాలం తప్పదు.

మీ అబ్బాయిని తేలికదే కొననివ్వండి.

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు, 38 కిలోలుంటుంది. స్కూల్లో బ్యాండు పెట్టారు, తను బేస్ గిటారే వాయిస్తానని పట్టు. ఆ వయసులో అంత బరువు మోయొచ్చా?
— ఒక తల్లి, పలాస

జవాబు: మోయొద్దమ్మా, వాయించమనండి. ఆ రెండూ వేరు వేరు పనులు. బడిసంచి పిల్లల ఒంటి బరువులో పదోవంతు దాటకూడదని 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానంలో ఉంది. మీ పాపకు ఆ లెక్క 3 కిలోల 800. పెద్దల బేస్ చాలావరకు దానికి సమానమో, ఎక్కువో. పైగా సంచి రెండు భుజాల మీద, వీపుకు ఆని ఉంటుంది. ఇది ఒక్క భుజం మీద.

అందుకని మొదటి ఏడాది కూర్చునే వాయించాలి. చేతుల్లేని కుర్చీ, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, బేస్ కుడి తొడ మీద. స్ట్రాపు వేసుకునే కూర్చోవాలి, లేకపోతే గిటారు మెడ జారుతుందని ఎడమ చెయ్యి పట్టుకుంటుంది. అరగంట వాయిస్తే పది నిమిషాలు ఆపాలి.

కొనేది షార్ట్ స్కేల్ కొనండి. తీగ పొడవు 34 అంగుళాలకు బదులు 30 ఉంటుంది. మొదటి ఫ్రెట్ దూరం పెద్దదాంట్లో 48 మిల్లీమీటర్లు, ఇందులో 43. ఐదు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది గానీ, చిన్న చేతికి నాలుగు వేళ్లు చాచినప్పుడు అదే పెద్ద తేడా. బరువు కూడా తగ్గుతుంది. ఇది పిల్లల బొమ్మ అని ఎవరైనా అంటే పాపను చిన్నబుచ్చుకోనివ్వకండి. ఇంగ్లండు బ్యాండు బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్‌నర్ వయొలిన్ బేస్ షార్ట్ స్కేలే, లోపల డొల్ల, చేతిలో పట్టుకుంటే ఇంతేనా అనిపించేంత తేలిక. ఆ బీటిల్స్ పాటల్లో బేస్ ఎంత నిండుగా ఉంటుందో పాపకు వినిపించండి. ఆడపిల్ల ఏరి కోరి బేస్ అడిగిందంటే నాకు పండగలా ఉంది. ఏడాది తర్వాత ఎలా వాయిస్తోందో తప్పకుండా రాయండి.

ప్రశ్న: సాగే స్ట్రాపు, స్పాంజిలా ఉంటుందే, అది వేస్తే బరువు సగం తగ్గినట్టుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. ఐదు తీగల బేస్‌కు అది సరిపోతుందా?
— రాజాం

జవాబు: తగ్గినట్టు ఉంటుంది, తగ్గదు. బరువు వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి భుజం మీద కోత పోతుంది, అది మంచిదే. అయితే మరీ సాగేదైతే ప్రతి అడుగుకీ బేస్ ఉయ్యాల ఊగుతుంది, ఊగకుండా చేతులు పట్టుకుంటాయి. కొంచెమే సాగేది చూడు. ఐదు తీగలదైతే మెడ వెడల్పు, తల మీద ఐదో కీ, అన్నీ కలిసి బరువూ మొగ్గూ రెండూ పెరుగుతాయి. ఆ అదనపు లావు తీగ నిజంగా ఎన్ని పాటల్లో వాడుతున్నావో ఒక ప్రోగ్రాంలో లెక్కపెట్టుకుని చూడు. రెండు మూడైతే నాలుగు తీగలదే హాయి.

ప్రశ్న: మాది పదిహేను మందితో నడిచే ఆర్కెస్ట్రా. మా బేసిస్టు నడుం నొప్పని స్టేజీ మీద స్టూలు అడుగుతున్నాడు. అందరూ నిలబడి హుషారుగా ఉంటే ఒకడు కూర్చుంటే జనానికి బాగోదేమో అని సందేహం. ఏమంటారు?
— ఒక నిర్వాహకుడు, ఆమదాలవలస

జవాబు: ఇవ్వండి సార్, రేపే ఇవ్వండి. మన కచేరీల్లో తరతరాలుగా కూర్చునే వాయిస్తున్నాం. మా విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ కూర్చునే చెప్పారు, కూర్చునే వాయించారు. ఏ శ్రోతా లేచిపోలేదు. మీ డ్రమ్స్ అబ్బాయి కూర్చోవడం లేదా? ఆయన్ని చూసి జనం ఏమైనా అనుకుంటున్నారా?

స్టూలు ఎత్తుగా ఉండాలి, కూర్చుంటే నిలబడిన మనిషికి ఓ జానెడు తక్కువ కనబడాలి. కింద కాలు పెట్టుకోవడానికి అడ్డకర్ర ఉండాలి, చేతులు ఉండకూడదు. టెంట్ హౌస్‌ వాళ్ల ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, దాని చేతులకు బేస్ తగిలి పాటపాటకీ భుజం ఎత్తాల్సి వస్తుంది. వడ్రంగితో వేప కర్రతో చేయించండి, సామాను వ్యానులో కీబోర్డు స్టాండు పక్కన పడుతుంది. హుషారు పాట వచ్చినప్పుడు ఆయనే లేచి నిలబడతాడు, మీరేం చెప్పక్కర్లేదు. పాటయ్యాక మళ్లీ కూర్చోనివ్వండి.